ఫుకుషిమా వార్తలు నమ్మాలా వద్దా? కొవ్వాడ పక్క ఊరి అబ్బాయికి నా జవాబు

బాబూ, నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది రణస్థలం మండలంలో కొవ్వాడకు దగ్గర ఊరు. 2011లో జపాన్‌లో ఫుకుషిమా అణు ప్లాంటు పేలినప్పుడు పెద్ద పత్రికలు, టీవీలు నిజం దాచాయని, లక్షల మంది చనిపోతే బయటికి రానివ్వలేదని కొన్ని వీడియోల్లో చూశావు. అవి చూసినప్పటి నుంచి మీ అమ్మగారికి ఒకటే టెన్షన్. రేపు మన దగ్గర రియాక్టర్లు కట్టాక ఏదైనా జరిగితే టీవీ మాట నమ్మాలా, యూట్యూబ్ మాట నమ్మాలా అన్నావు.

నేను ముప్పై ఏళ్లకు పైగా రేడియేషన్ కొలిచే ఉద్యోగం చేశాను. చొక్కాకి టీఎల్‌డీ బ్యాడ్జీ (ఒంటికి తగిలిన రేడియేషన్‌ను నమోదు చేసేది), చేతిలో సర్వే మీటరు, షిఫ్టు అయ్యాక రిజిస్టర్‌లో సంతకం. అలా గడిచింది నా సర్వీసంతా. ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నాను. నీ అనుమానంలో సగం సరైనదే. మిగతా సగం నిన్నూ మీ అమ్మగారినీ అనవసరంగా బాధపెడుతోంది. రెండూ విడదీసి చెప్తాను, కొంచెం ఓపికగా చదువు.

ముందు సరైన సగం. దాచారు, అది నిజం. 2011 మార్చి 11న 9.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. ప్లాంటు నడిపేవాళ్లు సునామీ అల 5.7 మీటర్లకు మించదని లెక్కవేసుకున్నారు. వచ్చినవి 14, 15 మీటర్ల అలలు. డీజిల్ జనరేటర్లు మునిగిపోయాయి, కరెంటు లేదు, రియాక్టర్లను చల్లబరిచే నీళ్లు ఆగిపోయాయి. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. మర్నాడే అక్కడి ప్రభుత్వ అణు భద్రతా సంస్థ తరఫున విలేకరులతో మాట్లాడే అధికారి, కోర్ (రియాక్టర్‌లో ఇంధనం ఉండే భాగం) కరుగుతూ ఉండొచ్చని చెప్పాడు. ఆయన్ని ఆ పని నుంచి తప్పించారు. ఆ తర్వాత రెండు నెలల పాటు 'ఇంధనం దెబ్బతింది' అన్న మాటే తప్ప 'కరిగింది' అన్న మాట ప్లాంటు నడిపే టెప్కో కంపెనీ నోట రాలేదు. మే నెలలో ఒప్పుకున్నారు. ఆ మాట వాడొద్దని కంపెనీ అధ్యక్షుడే ఆదేశించాడని 2016లో బయటపడింది.

ఇక అక్కడి పత్రికల సంగతి. జపాన్‌లో ప్రతి పెద్ద ఆఫీసుకూ ఒక ప్రెస్ క్లబ్ ఉంటుంది. పెద్ద పత్రికల విలేకరులు అక్కడే కూర్చుని, ఆఫీసు వాళ్లు ఇచ్చింది రాసుకుంటారు. పైగా టెప్కో అప్పట్లో ఆ దేశంలో చాలా పెద్ద ప్రకటనదారు. భూకంపం వచ్చిన రోజున ఆ కంపెనీ ఛైర్మన్ పత్రికా రంగం మనుషులతో కలిసి చైనా పర్యటనలో ఉన్నాడు. కాబట్టి అక్కడి పత్రికలు అబద్ధాలు కల్పించి రాశాయని నేను అనను. ప్రెస్‌మీట్‌లో చెప్పిన మాటను చెప్పినట్టే అచ్చువేశాయి. ఎదురు ప్రశ్న వేయలేదు. నా దృష్టిలో అదే పెద్ద తప్పు.

ఒక్క ఉదాహరణ చూడు. ప్రభుత్వం తరఫున రోజూ టీవీలో వినిపించిన మాట: 'ఆరోగ్యానికి వెంటనే హాని లేదు.' ఇందులో 'వెంటనే' అన్న మాట ఎందుకు పెట్టారో మా వృత్తిలో ఉన్నవాడికి ఇట్టే తెలుస్తుంది. ఎక్కువ మోతాదు తగిలితే రోజుల్లో వాంతులు, రక్తకణాలు పడిపోవడం. అది వెంటనే వచ్చే హాని. తక్కువ మోతాదు ఏళ్ల తర్వాత క్యాన్సర్ వచ్చే అవకాశాన్ని కొంచెం పెంచుతుంది. అది వెంటనే రాదు. అంటే ఆ వాక్యం మొదటిదాని గురించే చెప్పి, రెండోదాన్ని వదిలేసింది. పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ తల్లికి కావలసింది ఆ రెండోదాని గురించే. 'మరి పదేళ్ల తర్వాత?' అని మొదటి రోజే అడగాల్సింది.

ఇదే సమయంలో పెద్ద సంస్థలు తమ విలేకరులను ప్లాంటు చుట్టుపక్కల నుంచి వెనక్కి పిలిపించుకున్నాయి. చదివేవాళ్లకు భయం లేదని చెప్తూ తమ మనుషుల్ని మాత్రం తీసేశాయి. మినామిసోమా పట్టణ మేయర్ కత్సునోబు సకురాయ్ చివరికి యూట్యూబ్‌లో వీడియో పెట్టి, మా ఊరికి తిండి రావడం లేదు, పెట్రోలు రావడం లేదు, విలేకరులు వచ్చి చూడండి అని ప్రపంచాన్ని వేడుకోవాల్సి వచ్చింది. యూట్యూబ్‌లో వచ్చిందంతా అబద్ధమని నేను అనకపోవడానికి ఇదో కారణం.

అన్నిటికన్నా నన్ను కలచివేసేది నమీయే పట్టణం కథ. ఖాళీ చేయాలన్న సంగతి ఆ ఊరికి అధికారులెవరూ ఫోన్ చేసి చెప్పలేదు, టీవీలో చూసి తెలుసుకున్నారు. వేల మంది వాయవ్యంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని త్సుషిమా అనే కొండ ప్రాంతానికి పోయి తలదాచుకున్నారు. దూరం పోయాం కదా అనుకున్నారు. రేడియేషన్ మేఘం సరిగ్గా అటే వెళ్లింది. గాలి ఎటు వీస్తే విషం ఎటు పోతుందో లెక్కగట్టే స్పీడి అనే కంప్యూటర్ వ్యవస్థ అప్పట్లో ప్రభుత్వం దగ్గర ఉండేది. దాని ఫలితాలు మార్చి 14న అమెరికా సైన్యానికి అందాయి. జపాన్ ప్రజలకు మార్చి 23 దాకా అందలేదు. పిల్లలు, గర్భిణులు ఆ మొదటి నాలుగు రోజులూ త్సుషిమాలోనే ఉన్నారు, అక్కడి నీళ్లతోనే వండుకున్నారు.

టీవీల్లో ఆ రోజుల్లో ఏం చూపించారో గుర్తుందా? నీకు అప్పటికి చిన్న వయసు అయ్యుంటుంది. ప్లాంటు చుట్టూ వృత్తాలు. 3 కిలోమీటర్లు, 10, 20, 30. గాలి వృత్తాలు గీసుకుని వీచదు కదా. ఇతాతే గ్రామం ప్లాంటుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, ఆ వృత్తాలన్నిటికీ బయట ఉంది. మార్చి 15 సాయంత్రం అక్కడి పంచాయతీ ఆఫీసు దగ్గర గంటకు 44.7 మైక్రోసీవర్ట్‌లు (సీవర్ట్ అంటే ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదుకు కొలత) నమోదైంది. మామూలుగా మన ఊళ్లలో గంటకు 0.1 కి అటూ ఇటూ ఉంటుంది. అంటే నాలుగు వందల రెట్లకు పైనే. ఆ గ్రామాన్ని ఖాళీ చేయాలని ఏప్రిల్ 22న ప్రకటించారు. ఐదు వారాల తర్వాత!

ఇక మిగతా సగానికి వస్తాను. అదే వారంలో మన జిల్లాలో ఏం జరిగిందో చెప్తాను. నేను అప్పుడు ఉద్యోగంలో వేరే రాష్ట్రంలో ఉన్నాను. మా మేనకోడలు శ్రీకాకుళం నుంచి కంగారుగా ఫోన్ చేసింది. 'మావయ్యా, బీబీసీ ఫ్లాష్ న్యూస్ అని మెసేజ్ వచ్చింది. జపాన్ రేడియేషన్ మన మీదికి వస్తోందట, వానలో తడవొద్దట, మెడ మీద బెటడిన్ రాసుకోమంటున్నారు, పిల్లలకు రాయనా?' అంది. ఆ మెసేజ్ ఆసియా అంతా తిరిగింది. బీబీసీ అలాంటి వార్తే ఇవ్వలేదని తర్వాత ఖండించింది. చైనాలో అయోడిన్ ఉప్పు కోసం జనం దుకాణాల మీద పడ్డారు. ప్రమాదంలో వెలువడే రేడియోధార్మిక అయోడిన్ మెడలోని థైరాయిడ్ గ్రంథిలో చేరుతుంది, ముందే మామూలు అయోడిన్‌తో దాన్ని నింపేస్తే చేరదు అన్నది వాళ్ల ఆలోచన. కానీ అయోడిన్ ఉప్పుతో థైరాయిడ్‌ను కాపాడుకోవాలంటే ఒకే రోజు కిలోల కొద్దీ ఉప్పు తినాలి, అంతకు ముందే మనిషి పోతాడు. నౌపడ ఉప్పు మళ్లు పక్కనే పెట్టుకున్న మనకు ఈ లెక్క తెలిసి ఉండాలి. రేపు మన దగ్గరా ఇదే పుకారు పుడుతుంది.

పసిఫిక్ సముద్రమంతా ఎర్రగా, ఊదాగా కనిపించే మ్యాప్ ఒకటి నువ్వు చూసిన వీడియోల్లో ఉండే ఉంటుంది. అది రేడియేషన్ మ్యాప్ కాదు. సునామీ అల ఎత్తు ఎక్కడ ఎంతో చూపిస్తూ అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ తయారుచేసిన పటం. రంగులు భయంకరంగా ఉన్నాయని ఎవరో పేరు మార్చి వదిలారు. అన్నేళ్లయినా ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

లక్షల మంది చనిపోయారన్నది నిజం కాదు. ఆ భూకంపం, సునామీల్లో చనిపోయినవాళ్లు, దొరకనివాళ్లు కలిపి సుమారు 18 వేల మంది. ఈ అంకెను తీసుకెళ్లి అణు ప్లాంటు ఖాతాలో వేసే వీడియోలు ఉన్నాయి. రేడియేషన్ తగిలి రోజుల్లో చనిపోయినవాళ్లు అక్కడ ఎవరూ లేరు. ప్లాంటులో పనిచేసి తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయిన ఒక కార్మికుడి మరణాన్ని 2018లో జపాన్ ప్రభుత్వం రేడియేషన్ వల్లనేనని గుర్తించి పరిహారం ఇచ్చింది. కానీ ఇళ్లు వదిలి తిరగడం వల్ల, ఆసుపత్రుల్లోని ముసలివాళ్లను సరైన ఏర్పాటు లేకుండా బస్సుల్లో తరలించడం వల్ల, ఆ తర్వాతి ఏళ్లలో బెంగతో, ఆత్మహత్యలతో ఫుకుషిమా జిల్లాలో పోయినవాళ్లు 2,300 మందికి పైనే. ఈ సంగతి చెప్పే వీడియో నీకు దొరకదు, ఎందుకంటే అందులో మెరిసే బూడిద లేదు, రెండు తలల దూడ లేదు.

దీనికన్నా ముందు సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు ప్లాంటు ప్రమాదం ఉంది. అక్కడ రెండు రకాల తప్పూ ఒకే వారంలో జరిగింది. 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున పేలింది. సోవియట్ ప్రభుత్వం రెండు రోజులు నోరు విప్పలేదు. స్వీడన్‌లోని ఒక అణు కేంద్రంలో పనివాళ్ల బూట్లకు రేడియేషన్ అంటుకుని ఉండటం చూసి, ఎక్కడి నుంచి వచ్చిందని వాళ్లు అడిగితే, 28 రాత్రి క్లుప్తంగా ఒక ప్రకటన చదివారు. మర్నాడు, ఇద్దరు చనిపోయారన్నారు. అటు ఒక అమెరికా వార్తా సంస్థ, పేరు చెప్పని మనిషి మాట పట్టుకుని, 2,000 మంది చనిపోయారని ప్రపంచమంతా పంపింది. అప్పటికి ఇద్దరన్నదే నిజం. ఆ తర్వాతి నెలల్లో రేడియేషన్ జబ్బుతో 28 మంది పోయారు. కానీ ఈ అంకెల గొడవలో అసలు విషయం మరుగునపడింది. పాలు. రేడియోధార్మిక అయోడిన్ గడ్డి మీద పడింది, ఆవులు ఆ గడ్డి మేశాయి, పల్లెల్లో పిల్లలు ఆ పాలు తాగారు. కొన్ని వారాల పాటు పాలు ఆపండని ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే చాలా హాని తప్పేది. 2005 నాటికి అప్పటి పిల్లల్లో 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు నమోదయ్యాయి. జబ్బు నయమైంది చాలామందికి, అయినా మెడ మీద కోత, జీవితాంతం మాత్రలు. ఫుకుషిమాలో పాలు, ఆకుకూరలు తొందరగానే ఆపారు. ఆ ఒక్క పనికి మాత్రం వాళ్లను మెచ్చుకోవాలి.

నేను పనిచేసిన ఒక చోటి సంగతి చెప్తాను. చాలా ఏళ్లయింది. ఒక రాత్రి పంపు సీలు దగ్గర రియాక్టర్‌లో వాడే భారజలం (హెవీ వాటర్) కారింది. నా షిఫ్టే. గాలి నమూనా తీశాను, లోపల ఉన్న ఇద్దరు పనివాళ్ల మూత్రం పరీక్షకు పంపాం. పరిమితి లోపలే వచ్చింది, ప్లాంటు గోడ బయట తేడాయే లేదు. ఆ అంకెలు నా చేతిరాతతో రిజిస్టర్‌లో ఉన్నాయి. పత్రికలకు ఇవ్వండని మా పై అధికారిని అడిగాను. 'అంకె ఇస్తే జనం భయపడతారు' అన్నారు. మూడో రోజున మూడు వాక్యాల ప్రకటన వచ్చింది. చిన్న సంఘటన జరిగింది, అంతా అదుపులో ఉంది, ప్రజలకు ప్రమాదం లేదు. మూడూ నిజమే. అంకె మాత్రం ఒక్కటీ లేదు. పేపర్లు ఆ మూడు వాక్యాలే వేశాయి. ఈలోగా టీ కొట్ల దగ్గర ఆ ఇద్దరు పనివాళ్లు చచ్చిపోయారని, శవాలు కూడా ఇవ్వలేదని పుకారు. పక్క ఊరి పాలు పట్నంలో రెండు వారాలు ఎవరూ కొనలేదు. క్యాన్లతో వెనక్కి వచ్చి కాలవలో పాలు పారబోసిన ఒక అక్కను నేను చూశాను. నా రిజిస్టర్‌లోని ఒక్క పేజీ బయటికి ఇచ్చి ఉంటే ఆమెకు ఆ నష్టం తప్పేది. నేను గట్టిగా పట్టుబట్టలేదు. అది ఇప్పటికీ బాధ.

ఈ అలవాటు ఇప్పటికీ పోలేదు. 2019 అక్టోబర్ 29న, తమిళనాడులోని కూడంకుళం అణు ప్లాంటు కంట్రోల్ వ్యవస్థ మీద సైబర్ దాడి అసాధ్యమని ప్రకటన ఇచ్చారు. మర్నాడే ఒక కంప్యూటర్‌లో మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) దొరికిన మాట నిజమేనని, మన దేశంలో అణు ప్లాంట్లు నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ ఒప్పుకుంది. ఆ కంప్యూటర్ ఆఫీసు పనులది, రియాక్టర్ నడిపేదానితో సంబంధం లేదు అని కూడా చెప్పింది. ఆ వివరం ముందురోజే చెప్పి ఉంటే నమ్మేవాళ్లం.

మన జిల్లా జనానికి ఈ అపనమ్మకం ఊరికే రాలేదు. ప్లాంటు వద్దంటూ సోంపేట బీల (చిత్తడి నేల) కోసం 2010 జూలై 14న ఇద్దరు ప్రాణాలిచ్చారు. కాకరాపల్లిలో కాల్పులు జరిగింది 2011 ఫిబ్రవరి 28న. ఫుకుషిమాకు సరిగ్గా పదకొండు రోజుల ముందు. అవి థర్మల్ ప్లాంట్లు, అణు ప్లాంట్లు కావు. కానీ 'మీకేం కాదు, అభివృద్ధి' అన్న మాట అప్పుడూ ఇదే. అది విన్న చెవులతోనే మన జనం ఫుకుషిమా వార్త విన్నారు. మీ అమ్మగారి భయాన్ని మూఢనమ్మకం అని ఎవరైనా అంటే ఒప్పుకోకు.

అయితే భయపడి వీడియోల చేతిలో పడకు. ఏ వార్త వచ్చినా, అది పెద్ద ఛానెల్‌దైనా, నీ వాట్సాప్ గ్రూపుదైనా, నేను చూసేది అంకె కోసం. మామూలుకన్నా వెయ్యి రెట్లు అంటే నాకు ఏమీ తెలియదు. దేనికి వెయ్యి రెట్లు? మైక్రోసీవర్టా, మిల్లీసీవర్టా? రెండిటికీ వెయ్యి రెట్లు తేడా, అది తారుమారు చేసిన వార్తలు ఎన్నో చూశాను. గంటకా, ఏడాదికా? ప్లాంటు గేటు దగ్గరా, ఊరి బడి దగ్గరా? ఏ పూట కొలిచారు, ఎవరు కొలిచారు, వాళ్లతో సంబంధం లేని ఇంకొకరి కొలత దానికి దగ్గరగా ఉందా? ఒక పోలిక గుర్తుపెట్టుకో. ప్రకృతి నుంచి మనిషికి ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు తగులుతుంది. పొట్టకు ఒక సీటీ స్కాన్ తీస్తే సుమారు 10. ఇతాతేలో ఆ సాయంత్రం ఉన్న స్థాయిలో ఆరుబయట ఉంటే ఏడాది వాటా సుమారు రెండు రోజులకే వచ్చేస్తుంది. ఈ లెక్క నువ్వే వేసుకోగలవు. ఫుకుషిమా తర్వాత సేఫ్‌కాస్ట్ అనే వాలంటీర్ల బృందం చేసింది అదే. మీటర్లు కార్లకు కట్టుకుని వీధి వీధీ తిరిగి కొలిచి, అందరికీ కనిపించేలా పెట్టారు. ప్రభుత్వ అంకెలను వాటితో పోల్చి చూసుకునే వీలు జనానికి దొరికింది.

ఇప్పుడు కొవ్వాడ. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు అనుకున్నారు. రియాక్టర్ల నిర్మాణం ఇంకా మొదలుకాలేదు. ప్లాంటు వద్దనేవాళ్లు, కావాలనేవాళ్లు ఇద్దరూ ఈ సమయాన్ని వాదనలకే ఖర్చు చేస్తున్నారు. నా మాట వేరు. ప్లాంటు రాకముందే మన ఊళ్లలో కొలతలు తీసి పెట్టుకోవాలి. మా వాళ్లు దీన్ని బేస్‌లైన్ సర్వే అంటారు. ప్లాంటు కట్టేవాళ్లూ చేయిస్తారు, కానీ మన దగ్గర మన కాపీ ఉండాలి. ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం పక్కనే ఉంది, భౌతికశాస్త్రం చదివే పిల్లలతో చేయించొచ్చు. గ్రామసభలో అడగండి. ఫోన్ కెమెరాతో కొలుస్తామనే యాప్‌లు నమ్మొద్దు. ఆన్‌లైన్‌లో దొరికే చవక మీటరైనా పరవాలేదు, కానీ ముందు దాన్ని సరిచూసిన మీటరు పక్కన పెట్టి తేడా రాసుకోవాలి.

ఇది ఎందుకు అవసరమో కళింగపట్నం ఒడ్డున తెలిసింది. మన తీరపు నల్ల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది, అందులో సహజంగానే రేడియేషన్ ఇచ్చే థోరియం. నల్ల ఇసుక పట్టీ మీద నా మీటరు పెడితే ఊళ్లో కన్నా ఎక్కువ చూపిస్తుంది. ఏ ప్లాంటూ లేకుండానే. పాతికేళ్ల తర్వాత ఎవడో అదే ఇసుక మీద మీటరు పెట్టి కొవ్వాడ లీకైందని వీడియో తీయొచ్చు. నిజంగానే లీకైతే, ఇక్కడ ఇసుక ఎప్పుడూ ఇంతేనని ప్లాంటు వాళ్లు అనొచ్చు. ఇద్దరిలో ఎవరు చెప్పేది నిజమో ఆ రోజు తేల్చాలంటే ఇవాళ్టి అంకె కావాలి. రెండేళ్లుగా నేను నెలకోసారి మా డాబా మీద, కళింగపట్నంలో, రణస్థలం జంక్షన్ దగ్గర నేల నుంచి ఒక మీటరు ఎత్తులో కొలిచి, తేదీ, సమయం, గాలి ఎటు, వాన ఉందా లేదా అని ఒక నోటుబుక్కులో రాస్తున్నాను. మీ ఊరి పేరు అందులో ఇంకా లేదు. మీ బడి ఆవరణ, రామాలయం అరుగు, మంచినీళ్ల బోరు, ఈ మూడు చోట్లతో మొదలుపెట్టు. అమ్మగారిని కూడా తోడు తీసుకెళ్లు, అంకె ఆవిడ చేతనే రాయించు.